అరవై మూడో కుప్ప

డిసెంబరు పొగమంచులో తొండుపల్లి మీద దిగే విమానాలు కనిపించవు. వినిపిస్తాయంతే. ఆ శనివారం పొద్దున మార్కు నడిపే ట్రాలీ ఆటోలో, వెనక బియ్యం సంచుల మీద కూర్చున్న సునీలకు ఆ చప్పుడు ఆకాశంలోంచి కాక సంచుల అడుగునుంచి వస్తున్నట్టుంది. శాలువా చెవుల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. కళ్లు మూసినా తెరిచినా ఒకటే తెలుపు. గగన్‌పహాడ్ దాటేదాకా రోడ్డు కూడా ఆనలేదు. ముందు పోయే లారీల వెనక ఎర్రదీపాలు రెండేసి పుట్టి, కాసేపు ఊగి, మళ్లీ ఆ తెలుపులోకే పోయాయి.

సంచుల్లో ఉన్నవి పిడికెడు బియ్యం. తొండుపల్లిలో, శంషాబాద్‌లో రెండు వందల ఇళ్ల ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలన్నీ వారానికోసారి చర్చి వెనక గదిలో సంచులకెత్తుతారు. ఇంటింటి బియ్యం గనక అవి ఒక రకానివి కావు. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి, దోసెలకు తెచ్చుకున్నవి, అన్నీ ఒకే సంచిలో పడతాయి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ప్రేమ్ రాజ్ మూడేళ్లుగా వాటిని మైలార్‌దేవ్‌పల్లిలో బర్మా శరణార్థుల బస్తీకి చేరుస్తున్నాడు. వాళ్లది రిజిస్టరైన పేరు ఏదో ఉంది గానీ ఊళ్లో అందరూ దాన్ని పిడికిలి సంఘం అనే అంటారు. సంఘమంటే ప్రేమ్ రాజ్, బండి నడిపే మార్కు, అతని భార్య సునీల, ఇంకో ఇద్దరు.

వినాయక చవితి తర్వాత నగరంలోని ఒక పెద్ద సంస్థ వీళ్లతో కలిసి పప్పు, నూనె ఇవ్వడం మొదలుపెట్టింది. పప్పు, నూనెలతోపాటు ఒక లిస్టు వచ్చింది. శరణార్థి కార్డు ఉన్న నలభై కుటుంబాల పేర్లు. పేరు చదవాలి, వేలిముద్ర తీసుకోవాలి, మూట ఇవ్వాలి. చర్చిలో వాక్యం చదివే గొంతు గనక చదివే పని సునీలకు పడింది.

తుక్కు గోదాము వెనక ఖాళీ జాగాలో గుడిసెలు వరసగా ఉన్నాయి. కట్టెలు పాతి, ప్లాస్టిక్ పట్టాలు కప్పి, ఎగిరిపోకుండా పాత టైర్లు పెట్టిన గుడిసెలు. మంచులో గుడిసెల అడుగుభాగాలు కరిగిపోయి, కప్పుల మీద టైర్లు మాత్రం గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఆడవాళ్లు అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు. మూడు నెలల్లో సునీలకు ఆ పేర్లన్నీ నోటికి వచ్చేశాయి. అయినా లిస్టు మీద వేలు పెట్టి, గీత వెంబడి కిందికి జరుపుతూనే చదివేది. పేరు పలికిన ఆమె ముందుకొచ్చి బొటనవేలు ఇంకు డబ్బాలో అద్ది, కాగితం మీద నొక్కి, ఆ వేలిని పట్టా అంచుకు తుడుచుకునేది. ఆ అంచు మూడు నెలలుగా నీలంగా ఉంది.

మధ్యలో ఒక కొత్త మొహం వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. తలమీద ముసుగు మంచుకు తడిసి నుదుటికి అంటుకుంది.

"పేరు?" ఉర్దూలో అడిగింది సునీల.

"సెనోవారా."

సునీల వేలు మొదటి పేరునుంచి చివరి పేరుదాకా దిగింది. "లిస్టుల లేదు. కార్డు ఉందా?"

ఆమె గుండెల దగ్గర్నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నట్టు రసీదు. జమ్మూ నుంచి వచ్చి రెండు నెలలైందట.

"ఇది కాదమ్మా, కార్డు రావాలె."

ఆమె సరేనన్నట్టు తలాడించింది. టైము ఎంతని అడిగితే ఎవరో చెప్పినప్పుడు తలాడిస్తామే, అట్లా. కాగితం అవే మడతలమీద మడిచి కవర్లో పెట్టుకుంది. ఇంటికి పోలేదు, వరసలో వెనక్కి నడిచి నిలబడింది.

పన్నెండు మంది తర్వాత మళ్లీ ఎదురుగా ఉంది. "సెనోవారా," అంది. సునీల వేలు మళ్లీ కిందికి దిగింది. లేదని ఆమెకూ తెలుసు, ఈమెకూ తెలుసు. అయినా వేలు చివరి గీతదాకా పోయి ఆగింది. "లేదమ్మా." ఆమె తలాడించి మళ్లీ వరసలో వెనక్కి పోయింది.

మూడోసారి సునీల పేరు అడగలేదు. లిస్టు వైపు చూడలేదు. ఆమే చెప్పింది, పిల్లకు పాఠం చెప్పినంత నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి: "సె-నో-వా-రా."

పక్కన మూటలందిస్తున్న ప్రేమ్ రాజ్ చిన్నగా దగ్గాడు. "రూలంటే రూలు, సునీలా. ఒక్కరికిస్తే ఇరవై మంది నిలవడ్తరు. ఆమె కార్డు రానీ, మనమే లిస్టుల ఎక్కిద్దాం."

ఆ మాటలో చెడ్డేమీ లేదు. ప్రేమ్ రాజ్ చెడ్డవాడు కాదు. మోకాళ్ల నొప్పులతో కూడా ప్రతి శనివారం వస్తాడు. సునీల తరవాతి పేరు చదివింది. సెనోవారా పక్కకు తప్పుకుని, మూట బరువుకు వంగిపోతున్న ఒక ముసలామెకు చెయ్యందించి గుడిసెదాకా తీసుకుపోయింది. రెండడుగులకే ఇద్దరూ మంచులో కలిసిపోయారు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమ్ రాజ్ లేచి సంఘం పని చెప్పాడు. నలభై కుటుంబాలకు చేరింది, దేవునికి స్తోత్రం అన్నాడు. చప్పట్లు కొట్టారు. సునీల కూడా కొట్టింది. చప్పట్లలో ఆమెకు ఎవరో పేరు విడదీసి పలుకుతున్నట్టు వినిపించింది.

అన్నం తిని మార్కు కునుకు తీస్తుంటే, ఆమె తన ఇంటి డబ్బాలోంచి మూడు కిలోల సన్నబియ్యం గుడ్డసంచిలో పోసుకుని బస్సెక్కింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది సంఘం పని అవుతుంది. ఇది ఆమె సొంత పని.

బస్తీలో మధ్యాహ్నపు ఎండ పల్చగా ఉంది. ఆదివారం గోదాము మూసి ఉంటుంది గనక ఎక్కడా తుక్కు తూచే చప్పుడు లేదు, లారీ లేదు. గుడిసెల బయట మనిషి లేడు. ఊరంతా నిద్రపోతున్నప్పుడు తనొక్కతే లేచి తిరుగుతున్నట్టు అనిపించింది సునీలకు. అప్పుడు వినిపించింది, ఎక్కడో సన్నగా వాన పడుతున్న చప్పుడు. ఆగింది, మళ్లీ పడింది. ఆకాశంలో మబ్బు లేదు.

చప్పుడు వెంబడి పోయి, వరస చివర పెద్ద పట్టా పందిరి కిందికి వంగి చూసింది. నీలం పట్టాలోంచి దిగిన వెలుగులో మనుషులు, గోడలు, గాలి కూడా నీలంగా ఉన్నాయి. చెరువు అడుగున కూర్చున్నట్టు ముప్పై, నలభై మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో పట్టా పరిచి, నిన్న ఇచ్చిన మూటలన్నీ విప్పి పోశారు. బియ్యం ఒక రాశి. పప్పు ఒక రాశి. నూనె ప్యాకెట్లు కత్తిరించి ఒక డబ్బాలో వంచారు. రాశి చుట్టూ చిన్న చిన్న కుప్పలు, వరస మీద వరస. రాశి దగ్గర మోకాళ్లమీద కూర్చుని, స్టీలు గ్లాసుతో ముంచి ఒక్కో కుప్పలో పోస్తున్నది సెనోవారా. గ్లాసు నిండగానే అరచేత్తో తల చదును చేస్తుంది. ఒక్క గింజ ఎక్కువ రానివ్వదు, ఒక్క గింజ తక్కువ రానివ్వదు. ఆ వాన చప్పుడు గ్లాసులోంచి పడే బియ్యానిది.

సునీలను చూసి అందరూ ఒక్కసారి కదలడం మానేశారు. జోహరా లేచింది. పదేళ్లుగా కాటేదాన్ దగ్గర అట్టలు, ప్లాస్టిక్కు ఏరే పనిలో ఉంది ఆమె. పక్కన ఏరేవాళ్లంతా తెలుగువాళ్లు గనక తొండుపల్లిలో పుట్టినదానిలాగే మాట్లాడుతుంది.

"ఏంది మేడం, ఆదివారం వచ్చిన్రు?"

"జోహరక్కా, ఇదేంది?"

జోహరా రాశికి అడ్డంగా జరిగింది. మొహంలో భయం కనిపించింది. కాసేపటికి ఆ భయం అలసటగా మారింది. "పంచుకుంటున్నం," అంది.

"నిన్న మేం పంచినం గద."

"మీరు నలభై ఇండ్లకు పంచిన్రు. మేం అరవై రెండు ఇండ్లకు పంచుతున్నం."

"ఎప్పటిసంది?"

"మీ లిస్టు వచ్చినప్పటిసంది. ప్రతి ఆదివారం." జోహరా గొంతు తగ్గించింది. "పెద్దాయనకు చెప్తరా?"

సునీల ఆ మాట విననట్టే సెనోవారా వైపు చూస్తోంది. "ఈమెకు భాగం వస్తదని తెలుసు గద. మరి నిన్న లైన్ల మూడుసార్లెందుకొచ్చింది?"

జోహరా తమ భాషలో అడిగింది. సెనోవారా గ్లాసు మీదినుంచి కన్నెత్తకుండానే రెండు ముక్కలు చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు మెల్లగా నవ్వారు. జోహరా తెలుగులో చెప్పింది. "మీరు ఇస్తరని గాదట. మూడుసార్లు చెప్తే పేరు మీకు యాదుంటదని. రేపు కార్డొచ్చినంక మీరు ఎవరు నువ్వు అని అడగొద్దు గద."

సునీల చేతిలో సంచి బరువుగా తోచింది. దాన్ని ముందుకు చాపింది. "ఇయి ఆమె కోసమని తెచ్చిన."

"మంచిది," అని జోహరా సంచి అందుకుని, మూతి విప్పి, పెద్ద రాశి మీద వంచేసింది. తెల్లని సన్నబియ్యం ధారగా పడి, జారి, దొడ్డుబియ్యంలో కలిసిపోయింది. ఒక్క నిమిషం తర్వాత ఏది ఎవరిదో ఏరాలన్నా దొరకదు. ఖాళీ సంచి సునీల చేతికొచ్చింది.

ఎవరో పక్కకు జరిగి జాగా ఇచ్చారు. కూర్చుంది. గ్లాసు మళ్లీ మొదలైంది. ఆ చప్పుడులో, ఆ నీలం వెలుగులో ఆమెకు కళ్లు మూతలు పడుతున్నట్టుగా ఉంది. ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్లే పంచాలట. కొత్తవాళ్లకు ఎవరిమీదా కోపముండదు, ఎవరిమీదా ప్రేమ ఉండదు గనక చెయ్యి వంకర పోదని జోహరా చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "మీ బియ్యం వండుడు గమ్మతి ఉంటది మేడం. కొన్ని మెత్తగైతయ్, కొన్ని ఉడకనే ఉడకవ్. ముందుగాల్ల తెల్వక పిల్లలు కడుపునొప్పని ఏడ్చిన్రు. ఇప్పుడు తెల్లారగట్ల లేచి నానబెడ్తున్నం."

మూడేళ్లు. సునీల ఆ బియ్యాన్ని ఎన్నిసార్లు ఎత్తిందో, మోసిందో, జల్లెడ పట్టిందో. ఒక్కసారీ వండలేదు.

చివరికి సెనోవారా కుప్పలు వేలితో చూపుతూ లెక్కపెట్టింది. అరవై రెండు. ఆగి, సునీలను చూసి, రాశిలో మిగిలినదానిలోంచి గ్లాసు ముంచి కొత్త జాగాలో పోసింది. చాలకపోతే అటు నాలుగు కుప్పలనుంచి, ఇటు నాలుగు కుప్పలనుంచి పిడికెడు పిడికెడు తీసి దాన్ని మిగతావాటితో సమానం చేసింది.

"అదెవలది?"

"నీది," అంది జోహరా. మేడం అనలేదు ఈసారి.

"నాకెందుకక్కా? మా ఇంట్ల ఉన్నయ్."

"ఉంటయ్. లేవని ఎవరన్నరు? పంచేటప్పుడు ఈడ ఎవరుంటే వాళ్లకు భాగం. మా రూలు గదే. మొన్న కరెంటాయన మీటర్ చూడొచ్చిండు, ఆయనకు గూడ పెట్టినం. హెల్మెట్ల పోసుకపోయిండు."

వద్దన్నా వినలేదు. తెచ్చిన గుడ్డసంచిలోనే పోసి ఇచ్చారు. మూడు కిలోలు తీసుకుపోయిన మనిషి కిలో పైచిలుకు బియ్యం, చారెడు పప్పుతో బస్సెక్కింది. కిటికీ పక్క కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. కొండల వెనకనుంచి ఒక విమానం మెల్లగా, చప్పుడు లేకుండా పైకి పోతోంది. అందులో కూర్చున్నవాళ్లకు కింద బస్సు కనిపిస్తుందా, బస్సులో తను కనిపిస్తుందా అనుకుంది.

*

సోమవారం తెల్లవారి షిఫ్టు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన విమానాల దుప్పట్లు ఉతికే యూనిట్లో సునీల మడత బల్ల దగ్గర పనిచేస్తుంది. పెద్ద డ్రమ్ములోంచి ఆరి వచ్చిన దుప్పటి చేతుల్లోకి తీసుకుంటే అప్పుడే నిద్రలేచిన పిల్లాడంత వెచ్చగా ఉంటుంది. అంచు అంచుకు చేర్చడం, సగానికి మడవడం, మళ్లీ సగం, మూడో మడత, అరచేత్తో ఒక్క రాపు, కవర్లో దించి వేడిపట్టీ కింద మూతి అతికించడం. ఆవిరిలో ఎదుటి బల్ల మనిషి మసగ్గా కనిపిస్తుంది. చేతులు వాటంతటవి పోతుంటాయి. అన్ని రోజులూ సునీల ఆ దుప్పట్లు కప్పుకున్నవాళ్ల గురించి అనుకునేది. మబ్బుల పైన ఎవరో ముడుచుకుని పడుకున్నారు, ఏ దేశం మీదుగా పోతున్నారో వాళ్లకే తెలియదు. ఆరోజు మాత్రం దుప్పటి సగానికి మడిచిన ప్రతిసారీ ఆమె అరచెయ్యి గ్లాసు తల చదును చేసిన చెయ్యిలాగే కదిలింది. పక్కనున్న స్వర్ణలత, "ఏంది, ఇయ్యాల గట్ల రాస్తున్నవ్ వాటిని, నిమురుతున్నవా?" అని అడిగింది.

సాయంత్రం ఆ బియ్యమే వండింది. నానబెట్టమన్న మాట మరిచిపోయింది. ఎసరు తగ్గాక చూస్తే సన్నవి గంజిలా కలిసిపోయాయి, దొడ్డువి పలుకు పలుకుగా ఉన్నాయి. ఇంకా నీళ్లు పోసింది. సన్నవి ఇంకా కరిగాయి, దొడ్డువి అట్లాగే ఉన్నాయి. అట్లాగే వడ్డించింది.

మార్కు రెండు ముద్దలు తిని ఆగాడు. "ఏందిది సునీలా, ఒకటి జారుతుంది, ఒకటి పండ్ల కింద పడ్తుంది?"

"మన పిడికెడు బియ్యం."

ఆదివారం సంగతంతా చెప్పింది. మార్కు నములుతూనే విన్నాడు. అతను మాటలు తక్కువ మనిషి. పళ్లెం చివరిదాకా ఊడ్చి, ఇంకొంచెం పెట్టమన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "రేపు నానబెట్టు," అన్నాడు. "ప్రేమన్నకు చెప్తవా?"

"తెల్వది."

"చెప్తే పప్పు, నూనె పోతయేమో."

ఆమెకూ ఆ సంగతి తెలుసు.

*

బుధవారం డబ్బాలు ఎత్తే రోజు. అమృతమ్మ అనే ముసలామె ఇల్లు గల్లీ మొదట్లో. చర్చి మనిషి కాదు, అయినా మూడేళ్లుగా తన వంతు పిడికిలి తీస్తూనే ఉంది. డబ్బా సంచిలోకి వంచుతూ, "అందరికి అందుతున్నయా బిడ్డా?" అని అడిగింది.

"లిస్టుల ఉన్నోళ్లకు అందుతున్నయ్ అమ్మా."

"లిస్టేంది?"

సునీల చెప్పింది. ఎవరెవరికి కార్డు ఉంది, ఎందుకు లిస్టు, దాత రూలు ఏమిటి. అమృతమ్మ ఖాళీ డబ్బా అడుగు తట్టి, అంటుకున్న నాలుగు గింజలు కూడా సంచిలో రాల్చింది. "నేను పిడికిలి తీసేటప్పుడు ఎవలికని అడుగలే గదనే," అంది. నిష్ఠూరంగా అనలేదు. తనలో తను అనుకున్నట్టు అని లోపలికి పోయింది.

గురువారం సాయంత్రం ప్రేమ్ రాజ్ ఇంటికి దాత సంస్థ తరఫున క్యాథరిన్ వచ్చింది. కాకినాడ వైపు మనిషి. మర్యాద తెలిసిన పిల్ల. చెప్పులు బయటే విడిచి, టీ తీసుకుని, గోడమీద క్రిస్మస్ నక్షత్రం బాగుందని మెచ్చుకుంది. ప్రేమ్ రాజ్ మొహం వెలిగిపోతోంది, ఎందుకంటే క్యాథరిన్ మంచి కబురు తెచ్చింది. ఈ చలికాలానికి దుప్పట్లు. కుటుంబానికి రెండు. మూడు నెలల పంపిణీ కాగితం మీద సంతకం అయితే వచ్చే వారమే బండి వస్తుంది.

"పేర్లు చదివేది మీరే కదండీ సునీల గారూ. మీ సంతకం కూడా కావాలి. ఒకసారి చదువుకోండి, తొందరేం లేదు."

సునీల చదివింది. పైన పేర్కొన్న బియ్యం, పప్పు, నూనె జాబితాలోని కుటుంబాలే వినియోగించుకున్నాయని ధ్రువీకరించడమైనది. కింద గీత. గీత పక్కన తన పేరు ముందే టైపు చేసి ఉంది. పెన్ను అందుకుంది. రెండు దుప్పట్లు. నలభై ఇళ్లకు ఎనభై. ఎనభై దుప్పట్లు అరవై రెండు ఇళ్లకు ఎట్లా పంచుతారో వాళ్లు, అనుకుంది. పంచుతారు. ఏదో లెక్క కనిపెడతారు. సంతకం పెడితే చాలు. పెన్ను గీతమీద ఆనింది కూడా. అప్పుడు నాలుక మీదికి ఆ పలుకు బియ్యం వచ్చినట్టయింది.

"నేను తిన్న మేడం," అంది.

"ఏమిటండీ?"

"ఆ బియ్యం. నేను, మా ఆయన వండుకొని తిన్నం. లిస్టుల మా పేరు లేదు. మరి సంతకం ఎట్ల పెట్టాలె?"

ప్రేమ్ రాజ్ కప్పు కిందపెట్టాడు. అతను ఏం అనుకున్నాడో అతని మొహంలో కనిపించి సునీలకు చెవులు వేడెక్కాయి. గబగబా చెప్పింది. ఆదివారం పోయింది, పందిరి చూసింది, అరవై రెండు కుప్పలు, ఆమెకొకటి. దాచిపెట్టాలనుకున్న మాట నోట్లోంచి ఒకసారి బయటపడితే ఎక్కడ ఆపాలో తెలియదు. కరెంటాయన హెల్మెట్టు దాకా చెప్పింది.

క్యాథరిన్ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. బయట విమానం పోతుంటే కిటికీ అద్దం సన్నగా వణికింది. "వాళ్లు చేసింది తప్పని నేను అనను సునీల గారూ," అంది. "మా అమ్మయినా అదే చేస్తుంది. కానీ తెలిశాక తెలియనట్టు రాయలేను కదండీ. మా వాళ్లకు చెప్తాను. బస్తీ మొత్తానికి కొత్త జాబితా తయారు చేద్దామని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో. అప్పటిదాకా సరుకు ఆపక తప్పదు. రెండు నెలలు పట్టొచ్చు."

"దుప్పట్లు?" అడిగాడు ప్రేమ్ రాజ్.

ఆమె తల దించుకుంది. "అవి కూడానండి."

రెండు నెలలంటే చలికాలం అయిపోతుంది. క్యాథరిన్ పోయాక ప్రేమ్ రాజ్ ఖాళీ కప్పులు తనే ఎత్తాడు. కోపం చేసుకుంటే బాగుండు అనుకుంది సునీల. "ఆ నూనె కోసం ఎంతమంది చుట్టూ తిరిగిన్నో నీకు తెల్వది," అన్నాడు. "నాకొక మాట ముందుగాల చెప్పకపోతివి చెల్లె." వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

*

శనివారం మంచు ఇంకా దట్టంగా ఉంది. ట్రాలీలో బియ్యం సంచులు మాత్రమే ఉన్నాయి. ప్రేమ్ రాజ్ ముందు మార్కు పక్కన కూర్చున్నాడు, దారి పొడుగునా వెనక్కి తిరగలేదు. సునీల చేతిలో లిస్టు లేదు, ఇంకు డబ్బా లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక శాలువాలో దాచుకుంది.

ఆడవాళ్లు అలవాటు కొద్దీ వరసలో నిలబడి ఉన్నారు. సునీల దిగి నేరుగా జోహరా దగ్గరికి పోయి, వినబడీ వినబడని గొంతుతో జరిగింది చెప్పింది.

జోహరా ఆమెవైపే చూస్తూ విన్నది. "మూడు నెలలు," అంది. "అరవై రెండు ఇండ్లోళ్లం, పిల్లలతో సహా, మూడు నెలలు నోరు మూసుకున్నం. నువ్వొక్క పూట తిని చెప్పొచ్చినవ్."

"తప్పయింది అక్కా."

"తప్పు గాదు. నూనె పోయింది."

అంతే అంది. వెనక్కి తిరిగి వాళ్ల భాషలో నలుగురికీ చెప్పింది. ఆ మాట వరస వెంబడి, ఒకరినుంచి ఒకరికి, మంచులో చివరిదాకా పోవడం సునీలకు కనిపించింది. ఎవరూ అరవలేదు. ఒకామె మాత్రం సంకలోని పిల్లను ఇంకో సంకకు మార్చుకుని, ఇంతసేపూ పట్టుకున్న ఖాళీ నూనె సీసాను కొంగులో చుట్టేసింది. అది చూడలేక సునీల నేలచూపు చూసింది. వెళ్లిపోదామని మార్కు వైపు తిరిగింది కూడా.

"యాడికి పోతవ్?" అంది జోహరా. "బియ్యం దించుడన్న రాదా?"

దించారు. ఇక దాచేదేముంది గనక, ఆదివారం దాకా ఆగకుండా, పందిట్లోకి పోకుండా, ఆ ఖాళీ జాగాలోనే నీలం పట్టా పరిచారు. సంచుల మూతులు విప్పింది సునీలే. జోహరా ఆమె చేతికో చేట ఇచ్చింది. దొడ్డుబియ్యం వేరు, సన్నబియ్యం వేరు చెయ్యొచ్చేమో చూద్దామంది, కలిపి వండితే పిల్లలకు పడటంలేదు గనక. నలుగురు ఆడవాళ్లు, సునీల, చేటలు పట్టుకుని చెరగడం మొదలుపెట్టారు. దొడ్డుగింజ చేట అంచుకు వస్తుంది, సన్నది వెనక నిలుస్తుంది. పూర్తిగా వేరు కావు, సగం వేరవుతాయి. సగమైనా నయమే అన్నారు. చేటలు ఎగిరినప్పుడల్లా తెల్లని పొడి లేచి మంచులో కలిసింది. ఎంతసేపు చెరిగిందో తెలియదు. చేతులు నొప్పి పుట్టాక, పక్కనున్నామె ఏమీ అనకుండా చేట తీసుకుని తను చెరిగింది.

సెనోవారా గ్లాసు పట్టుకుని రాశి ముందు కూర్చుంది. ఈసారి కుప్పకు రెండు రకాల బియ్యం, ఇటు దొడ్డు, అటు సన్నవి. కుప్పలన్నీ అయ్యాక ఒక్కొక్కరినే పిలిచింది. కాగితం లేదు. పేరు పలకడం, ఆ మనిషి మొహం చూడడం, కుప్ప చూపించడం. రెండు నెలల కింద వచ్చిన మనిషి అరవై రెండు ఇళ్ల పేర్లు వరసగా, తడుముకోకుండా పిలిచింది. మూడు రోజుల కింద పుట్టి ఇంకా పేరు పెట్టని పిల్లను కూడా తల్లిపేరుతో కలిపి పిలిచింది. వచ్చినవాళ్లు తీసుకుని మంచులోకి పోయారు. పట్టా మీద కుప్పలు తరిగిపోతున్నాయి.

సునీల చేటలు పక్కకు పేర్చుతోంది. నడుము నొప్పిగా ఉంది. ఇంటికి పోయి, మళ్లీ షిఫ్టుకు లేవాలి. నూనె గురించి రేపు చర్చిలో అడగాలి. ఇంటికో గంటెడు తియ్యమంటే తియ్యరా? అమృతమ్మ తీస్తుంది. క్యాథరిన్‌కు ఫోను చెయ్యాలి, ఆ కొత్త లిస్టు పనేదో తను దగ్గరుండి రాస్తానని చెప్పాలి. ప్రేమన్న మాట్లాడతాడో లేదో. ఇట్లా ఏవో అనుకుంటుండగా ఎవరో ఎవరినో పిలిచారు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచారు. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది అనుకుంది.

"నిన్నే," అంది జోహరా.

తలెత్తింది. సెనోవారా ఆమెనే చూస్తోంది. ఒక్కో అక్షరం విడదీసి, జాగ్రత్తగా, ఎక్కడ తప్పు పలుకుతానో అన్నట్టు మళ్లీ అంది: "సు-నీ-ల."

పట్టామీద రెండు కుప్పలు మిగిలాయి, ఆమెదొకటి, ఇంకా ఎవరినీ పిలవనిదొకటి. నూనె పోగొట్టిన మనిషికి భాగమేమిటని ఎవరూ అనలేదు. జోహరా మొహం ఇంకా ముడుచుకునే ఉంది, అయినా ఆమె కూడా అనలేదు. సునీల చేటలు వదిలి లేచింది. ఈసారి సంచి తెచ్చుకోలేదు. తన కుప్ప ముందు మోకాళ్లమీద కూర్చుని, కొంగు పరిచి, రెండు చేతులతో పట్టింది. బియ్యం మంచుకు చల్లగా ఉన్నాయి. కొంగు జారకుండా దగ్గరికి తీసుకుని, వెనకవాళ్లకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.

వెనక, ట్రాలీ దిగి వచ్చిన ప్రేమ్ రాజ్ పట్టా అంచున నిలబడి చెప్పులు విడుస్తున్నాడు.